క్రొత్త కంప్యూటరునకు ర్యామ్: ఒంటి పలకయా, జంట పలకలా?



నేడు నేను ప్రసంగింపబోవు విషయమును విని మీలో కొందఱు నవ్వుకొనవచ్చును. శబ్దమంజరియు పంచకావ్యములును చెప్పుకొనుచు ముప్పదియైదేండ్లు బడిలో గడపిన యయ్యవారికి కంప్యూటరు పెట్టెలోని పలకలతో నేమి పని యని యడుగవచ్చును. పని యున్నది. మన పెద్దలు ఆదవాని యనుచుండిన ఆదోనిలో నేడు ప్రత్తిమండీల లెక్కలు కంప్యూటరులోనే వ్రాయబడుచున్నవి. ఎమ్మిగనూరు నేతగాండ్ర యిండ్లలో చీర యంచుల నమూనాలు తెరమీద గీయబడుచున్నవి. మన మనుమలును మనుమరాండ్రును చదువుకొను చదువులో సగము ఆ పెట్టెలోనే యున్నది. ఆ పెట్టెకు సొమ్ము చెల్లించువారము మాత్రము మనమే.

ఎద్దును కొనునపుడు మనము పండ్లు చూతుము, సుడులు చూతుము, కాడికి కట్టి నాలుగు చాళ్లు దున్నించి చూతుము. కంప్యూటరు కొనునపుడో, అంగడివాడు కాగితముపై వ్రాసిచ్చిన పట్టీని చదువకయే రూకలు లెక్కపెట్టి యిత్తుము. ఆ పట్టీలో నొక పంక్తి యుండును: ర్యామ్ ఇంత, పలక లిన్ని. ఆ యొక్క పంక్తిని చదువనేర్చినచో కొంత సొమ్ము మిగులును. మఱియు నాలుగేండ్ల వఱకు ఆ యంత్రము విసుగు పుట్టింపకుండును. కావున ఆ పంక్తిని గుఱించియే నేటి ప్రసంగము.

ముందుగా ర్యామ్ అన నేమో చెప్పెదను. కంప్యూటరునందు జ్ఞాపకము రెండు విధములు. అష్టావధానమును చూచినవారికి ఈ భేదము సులభముగా బోధపడును. అవధాని యింటిలో బీరువాలనిండ గ్రంథము లుండవచ్చును. సభలో మాత్రము సమస్య, దత్తపది, నిషిద్ధాక్షరి, వర్ణన, అన్నియు నాతని మనస్సులోనే యేకకాలమున నిలిచియుండవలయును. నడుమ లేచి యింటికి పోయి బీరువా తెఱచి వచ్చుటకు వీలులేదు. గ్రంథముల బీరువా వంటిది హార్డుడిస్కు, లేక ఎస్‌ఎస్‌డీ. సభలోని ధారణ వంటిది ర్యామ్. అంగళ్లలో అందఱును ర్యామ్ అనియే యనుచున్నారు గనుక నేనును క్రొత్త సంస్కృతపదమును కల్పింపక ఆ మాటనే వాడెదను. అది అయిదంగుళములకు కొంచె మెక్కువ పొడవును, అంగుళమునకు కొంచె మెక్కువ వెడల్పును గల పలుచని పలక. దానిని మదర్‌బోర్డుపై నున్న స్లాటు అను గాడిలో నిలువుగా గుచ్చుదురు.

ఆ పలకపై నల్లని చిప్పు లుండును. చిప్పులో లెక్కకు మిక్కిలియైన సూక్ష్మపు గదు లుండును. గదిలో విద్యుదావేశ మున్న ఒకటి, లేకున్న సున్న. ఈ యేర్పాటును కనిపెట్టినవాడు అమెరికాలో ఐబీఎమ్ సంస్థయందు పనిచేసిన రాబర్ట్ డెన్నార్డ్. 1968లో ఆయనకు దానిపై పేటెంటు లభించెను. 1970లో ఇంటెల్ సంస్థ విక్రయించిన 1103 అను చిప్పులో 1,024 గదులు మాత్రమే యుండెను. నేటి 16 జీబీ పలకలో 13,743 కోట్ల గదు లున్నవి. ఈ గదులలోని యావేశము క్రమముగా కాఱిపోవు స్వభావము గలది. అందుచేత డీడీఆర్4 అను రకపు పలకలలో ప్రతి 64 మిల్లీసెకనులకు, అనగా సెకనునకు పదునైదు పదునాఱు మారులు, గదులన్నింటిని మఱల నింపుచుండవలయును. వేదము నేర్చిన విద్యార్థి ఆవృత్తి మానినచో పాఠము జాఱిపోవునట్లు, విద్యుత్తు ఆగినచో ర్యామ్‌లోని దంతయు జాఱిపోవును. కరెంటు పోయినప్పుడు భద్రపఱుపని లెక్క మాయమగుటకు కారణ మిదియే.

ఇక ఎంత ర్యామ్ కావలయును? ఇచట నొక చిన్న గణితము చేయుదము. మహాభారతము లక్ష శ్లోకముల గ్రంథమని ప్రసిద్ధి. అనుష్టుప్పునకు ముప్పదిరెండక్షరములు. యూనికోడ్ వ్రాతలో సాధారణముగా తెలుగు గుర్తు ఒక్కొక్కటికి మూడు బైట్లు పట్టును. గుణింతమునకును వత్తునకును గుర్తులు వేఱుగా నుండును గనుక, అక్షరమునకు సగటున మూడు గుర్తులని యుదారముగా వేసికొన్నను తొమ్మిది బైట్లు. ఆ లెక్కను భారతమంతయు తెలుగు లిపిలో 2 కోట్ల 88 లక్షల బైట్లు. 8 జీబీ ర్యామ్ అనగా సుమారు 859 కోట్ల బైట్లు. అనగా నందులో దాదాపు మూడువందల భారతములు పట్టును!

అట్లయిన 8 జీబీ చాలదని పిల్లలేల యందురు? ఏలయన యక్షరము చిన్నది, బొమ్మ పెద్దది. నేటి సామాన్యమైన తెరపై అడ్డముగా 1,920, నిలువుగా 1,080 చుక్క లుండును. చుక్కకు నాలుగు బైట్ల చొప్పున ఒక్క తెరకు 83 లక్షల బైట్లు. మూడున్నర తెరలైన భారతమంత! ఏ4 కాగితమంత నమూనాను అంగుళమునకు 300 చుక్కల చొప్పున స్కాను చేసినచో 3 కోట్ల 48 లక్షల బైట్లగును. అనగా నొక చీర యంచు నమూనా వ్రాసిన కాగితము భారతముకంటె పెద్దది. రంగునకొక పొర చొప్పున పది పొరలు గీసిన 35 కోట్లకు చేరును. ఇవి గాక విండోస్ వంటి మూలవ్యవస్థయే తెఱచినంతనే మూడు నాలుగు జీబీలను ఆక్రమించుట 8 జీబీ యంత్రములపై మీరును చూడవచ్చును.

ర్యామ్ నిండినప్పుడు యంత్రము ఆగిపోదు. కొంత సరకును డిస్కులోనికి దింపి, మఱల నవసరమైనపుడు పైకెత్తుకొనును. సభలోని యవధాని మాటిమాటికి బీరువా చెంతకు పోయి వచ్చినట్లుండును. తెర కదలక చక్రము తిరుగుచుండుట మీరు చూచియే యుందురు.

కాబట్టి నా యెఱిగినంతలో లెక్క యిది. మండీ లెక్కలకు, ఉత్తరములకు 8 జీబీ. చదువుకొను పిల్లలకు, నమూనాలు గీయువారికి 16 జీబీ. చలనచిత్రములను కూర్చువారికి, పెద్ద నమూనాలను పొరలు పొరలుగా గీయువారికి 32 జీబీ. అంతకు మించినది మన యిండ్లలో నూటికొక్కరికి గాని యక్కఱ రాదు.

పరిమాణము నిర్ణయమైన వెనుక అసలు చిక్కు వచ్చును. 16 జీబీ కావలయు ననుకొందము. ఒకే 16 జీబీ పలకను కొనవలయునా, రెండు 8 జీబీ పలకలను కొనవలయునా?

చెఱువు ఎంత పెద్దదైనను తూము సన్ననిదైనచో క్రింది పొలము వేళకు తడవదు. జీబీ లెక్క చెఱువు. పలకనుండి ప్రాసెసరునకు సరకు పోవు మార్గము తూము. మన యిండ్లలోని సాధారణపు ప్రాసెసరులకు ఇట్టి తూములు రెండుండును. వీనిని చానెళ్లందురు. ఒక్క పలకయే గుచ్చినచో నొక తూము మూసియుండును. రెండు పలకలను సరియైన గాళ్లలో గుచ్చినచో రెండును తెఱచుకొనును. డీడీఆర్4-3200 పలక మార్గమున సెకనునకు 2,560 కోట్ల బైట్లు ప్రవహింపగలవు. జంటయైనచో 5,120 కోట్లు. ఇది గరిష్ఠపు లెక్క. పని మాత్రము రెండింతలు వేగమగునని భ్రమపడరాదు. లెక్కలు కూడుటలో, ఉత్తరము వ్రాయుటలో ఒంటికిని జంటకును భేదము కంటికి కానరాదు. బొమ్మల పనిలో మాత్రము స్పష్టముగా కానవచ్చును.

అందునకు కారణ మున్నది. బొమ్మలను తెరపై చూపు పనికి గ్రాఫిక్సు కార్డని ప్రత్యేకముగ నొకటి దొరకును. దానికి సొంత జ్ఞాపకము దానియందే యుండును. అది వెలగలది కావున మన యూళ్లలో చాలమంది కొనరు. అది లేనిచోట ప్రాసెసరులోని చిన్న గ్రాఫిక్సు భాగమే ఆ పని చేయును. దానికి సొంత చెఱువు లేదు. మన ర్యామ్‌లోని నీటినే తోడుకొనును. ఒక్క తూముపై ఇద్దఱు రైతులు పడినట్లగును. కావున గ్రాఫిక్సు కార్డు లేని యింటికే జంట పలకల వలన మేలెక్కువ. సొమ్ము తక్కువగల వానికే ఈ సూక్ష్మ మెక్కువ యక్కఱకు వచ్చును.

దీనికి పూర్వపక్షము కలదు. "ఇప్పుడొక 16 జీబీ పలక కొనుము. ఒక స్లాటు ఖాళీగా నుండును. రాబోవు సంవత్సరము మఱియొక 16 కొన్నచో 32 అగును, జంటయు నగును. ఇప్పుడే రెండు 8లు కొన్నచో పెంచవలసినపుడు రెండింటిని పీకి పాఱవేయవలయును గదా" యని వారందురు. మదర్‌బోర్డునకు రెండే స్లాటు లున్నచోట ఈ మాటలో బలమున్నది. నాలుగు స్లాటు లున్నచోట బలము తగ్గును. కాబట్టి స్లాటులెన్నియో యెఱుగక ఈ ప్రశ్నకు ఉత్తరము చెప్పరాదు.

ఇందులకు నే నెఱిగిన యొక నిదర్శనము చెప్పెదను. ఎమ్మిగనూరు నేతకు పేరు పొందిన యూరు. అచటి చేనేత సహకార సంఘమును 1938లో మాచాని సోమప్ప గారు నెలకొల్పిరి. ఆ చుట్టుప్రక్కల నేతయింట పుట్టిన నా పూర్వశిష్యు డొకడు దాయాదులు నలుగురితో కలిసి 2024లో నమూనాలు గీయుటకొక కంప్యూటరును కూర్పించుకొన దలచెను. అయిదిండ్లవారు ఆఱు మాసములు కూడబెట్టిన సొమ్మది. అతడు పట్టీని తెచ్చి నా ముందు పెట్టి, "అయ్యవారూ, పదునాఱు జీబీ చాలునన్నారు. ఒకే పలక యని యొకరు, రెండు ఎనిమిదులని యొకరు, నాలుగు నాలుగులని యొకరు చెప్పుచున్నారు. ఎవరి మాట వినవలెను?" అని యడిగెను.

నేను మూడు ప్రశ్న లడిగితిని. "నాయనా, బోర్డునకు స్లాటులెన్ని? గ్రాఫిక్సు కార్డు వేఱుగా గలదా? ముందు ముందు పెంచుకొను తలంపు గలదా?" స్లాటులు నాలుగు, కార్డు లేదు, పెంచుకొను తలంపు గలదు అని యతడు చెప్పెను. ఉత్తరము దానంతట నదియే తేలినది. నాలుగు నాలుగులు కొన్నచో ఖాళీ మిగులదు, పెంచుటకు దారి లేదు. ఒకే పదునాఱు కొన్నచో కార్డు లేని యంత్రమునకు ఒక తూము మూయబడును. రెండు ఎనిమిదులు కొన్నచో జంటయు కుదురును, రెండు స్లాటులు ఖాళీగను మిగులును. అట్లే కొనిరి.

యంత్ర మింటికి వచ్చినది. నమూనాను పెద్దది చేసి చూచునపుడు తెర ఆగి యాగి కదలుచుండెను. కూర్చియిచ్చిన యంగడిలో నడుగగా "ర్యామ్ చాలలేదు, మఱి రెండు కొనుడు" అనిరి. మఱల అయిదిండ్లవారును అప్పునకు సిద్ధపడుచుండిరి. అంతలో ఇంటర్మీడియట్ చదువుచున్న ఆతని కుమార్తె బోర్డుతో వచ్చిన చిన్న పుస్తకమును ఓపికతో చదివెను. అందు జంట పలకలను రెండవ, నాలుగవ స్లాటులలో గుచ్చవలయునని బొమ్మ వేసి చూపియుండెను. పెట్టె మూత తీసి చూడగా అంగడివారు మొదటి, రెండవ స్లాటులలో గుచ్చియుండిరి. ఆ రెండును ఒకే తూమునకు చెందినవి! ఆ బాలిక కరెంటు తీగను పెఱికి, పలకలను పుస్తకములో చెప్పినట్లు మార్చి గుచ్చెను. నమూనా సాఫీగా కదలినది. కాసు ఖర్చు కాలేదు, అప్పు తప్పినది.

ఇందువలన మనము నేర్వవలసినది స్పష్టము. జంట కొన్నంత మాత్రమున జంట కాదు, జంటగా గుచ్చవలయును. నాలుగు స్లాటుల బోర్డులలో సాధారణముగా ప్రాసెసరు వైపునుండి లెక్కించి రెండవది, నాలుగవది జంట స్థానములు. అయినను బోర్డు పుస్తకమే ప్రమాణము. కూర్చినవానిని యంత్రము తెఱచి చూపుమని యడుగుడు. సీపీయూ-జడ్ అను నుచితపు ప్రోగ్రాములో ఎన్ని చానెళ్లు పనిచేయుచున్నవో కానవచ్చును.

జంటను గుఱించి మఱియొక మాట. కాడికి కట్టిన యెద్దులలో నొకటి చుఱుకైనది, మఱియొకటి మందమైనది యైనచో బండి మందమైనదాని నడకనే నడచును. వేర్వేఱు వేగముల పలకలను కలిపి గుచ్చినను రెండును తక్కువదాని వేగముననే నడచును. కొన్ని సమయములలో అసలు పొసగక యంత్రము తెఱచుకొననే తెఱచుకొనదు. 8 జీబీతో 16 జీబీని కలిపినచో అనేక యంత్రములలో ఎనిమిదికి ఎనిమిది జంటగను, మిగిలిన యెనిమిది ఒంటిగను పనిచేయును. ఇది చెడుగు కాదు గాని యుత్తమము గాదు. నేతగాడు ఒకే పడుగులో రెండు నంబరుల నూలు కలుపనట్లు, పలకలును ఒకే కంపెనీవి, ఒకే పరిమాణము, ఒకే వేగము గలవిగా, ఒకే పెట్టెలో జంటగా నమ్మునవి కొనుట మేలు.

పలకల సంఖ్య పెరిగినకొలది వేగము పెరుగునని కొందఱనుకొందురు. సాధారణపు ప్రాసెసరునకు తూములు రెండే యుండుట వలన నాలుగు పలకలు గుచ్చినను తూములు నాలుగు కావు. పైగా డీడీఆర్5 రకములో నాలుగింటి బరువునకు వేగము తగ్గును. ఏఎమ్‌డీ వారు రైజెన్ 7000 వరుస ప్రాసెసరులకు రెండు పలకలైనచో 5200 వేగమును, నాలుగైనచో 3600 వేగమును మాత్రమే పూచీపడిరి. కావున డీడీఆర్5 కొనువారు రెండు పలకలతోనే తృప్తిపడునట్లు మొదటనే పరిమాణమును యోచించుకొనవలయును.

డీడీఆర్4, డీడీఆర్5 అను మాటలు వచ్చినవి గనుక వాని భేదమును సంగ్రహముగా చెప్పెదను. ఇవి తరముల పేరులు. డీడీఆర్4 ప్రమాణము 2012లోను, డీడీఆర్5 ప్రమాణము 2020లోను ప్రకటింపబడెను. రెండింటికిని 288 కాళ్లే యున్నను నడుమనుండు గంటు వేఱువేఱు చోట్ల నుండుటచే ఒకదాని గాడిలో మఱియొకటి దిగదు. బలవంతముగా నొత్తినచో విఱుగును. ఏ తరమో నిర్ణయించునది మదర్‌బోర్డు. ఇంటెల్ వారి పండ్రెండవ తరము మొదలు కొన్ని ప్రాసెసరులకు డీడీఆర్4 బోర్డులును, డీడీఆర్5 బోర్డులును దొరకును. ఏఎమ్‌డీ వారి ఏఎమ్5 బోర్డులకు డీడీఆర్5 మాత్రమే పనికివచ్చును.

2025 అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10కు సాధారణ పోషణ ముగిసినది. పాత యంత్రములు విండోస్ 11కు తగవని తెలిసి అనేకులు క్రొత్తవి కూర్పించుకొన దలచిరి. పాత పెట్టెలోని డీడీఆర్3 పలకలు క్రొత్తదానికి అక్కఱకు వచ్చునని యెవరైన చెప్పినచో నమ్మకుడు. డీడీఆర్4 పలకలైనచో, క్రొత్త బోర్డును ఆ తరమునకే చెందినదిగా ఎంచుకొన్నప్పుడు పనికిరావచ్చును. ల్యాప్‌టాప్ పలకలు వేఱు, అవి పొట్టివి. కొన్ని ల్యాప్‌టాపులలో ర్యామ్ బోర్డునకే యతికియుండును. వానిని ముందు పెంచుటకు వీలుండదు. అట్టివానిని కొనునపుడు మొదటనే చాలినంత కొనవలయును.

పెట్టెపై వ్రాసిన సంఖ్యలను చదువుట యిక మిగిలినది. 3200, 6000 అనునవి ప్రవాహవేగములు. సీఎల్16, సీఎల్30 అనునవి అడిగిన సరకు వచ్చుటకు వేచియుండవలసిన తాళములు. ఈ తాళమును రెండువేలతో హెచ్చవేసి వేగముతో భాగించిన నానోసెకనులు వచ్చును. 3200 వేగమున సీఎల్16 పలకకు పది. 6000 వేగమున సీఎల్30 పలకకును పదియే. 4800 వేగమున సీఎల్40 పలకకు మాత్రము పదునాఱున్నర దాటును. కాబట్టి సీఎల్ సంఖ్య పెద్దదైనంత మాత్రమున పలక మందమని తీర్పు చెప్పరాదు. రెండింటిని కలిపి చదువవలయును. మఱియొక సంగతి. పెట్టెపై 3600 అని యున్నను అనేక పలకలు మొదట 2133 గాని, 2400 గాని, 2666 గాని వేగమునకే నడచును. బయోస్‌లో ఎక్స్‌ఎమ్‌పీ అను నేర్పాటును వేసినగాని పెట్టెపై వేగము రాదు. ఇది నియమిత ప్రమాణమును మించిన వేగము. లెక్కల యంత్రమునకు దీని యక్కఱ లేదు. వేసవిలో మన సీమయెండలకు, ప్రత్తి దూది యెగురు మండీలలో, నిలుకడయే వేగముకంటె గొప్పది.

ధరల మాట యొకటి చెప్పక తప్పదు. ప్రపంచములో ర్యామ్ చిప్పులను విశేషముగా తయారుచేయువారు సామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ అను ముగ్గురు. 2025లో వీరు డీడీఆర్4 తయారీని తగ్గించ నారంభించిరి. అదే యేట కృత్రిమమేధకై కట్టబడు మహాయంత్రశాలలు చిప్పులను విరివిగా కొనుటచే, ఇండ్లకు దొరకు పలకల ధరలు ఆ సంవత్సరము చివరి మాసములలో కొన్ని రకములకు రెట్టింపునకు మించెను. డిసెంబరులో మైక్రాన్ వారు క్రూషియల్ అను పేర సామాన్యులకు పలకలు అమ్ముట మానుకొందుమని ప్రకటించిరి. ఎచటనో కాలిఫోర్నియాలో యంత్రశాల కట్టిన ఎమ్మిగనూరులో పలక ధర పెరుగుట వింతగా తోచును గాని, లివర్‌పూలులో మిల్లుల యక్కఱను బట్టి మన ప్రత్తి ధర హెచ్చి తగ్గిన కాలమును మన తాతలు చూడలేదా? ప్రత్తిరైతునకు ఈ సంగతిని ప్రత్యేకముగ చెప్పనక్కఱలేదు.

దీనివలన "రాబోవు సంవత్సరము మఱియొకటి కొందము" అను పూర్వపక్షము సడలినది. రాబోవు ధర యెవరి చేతిలోను లేదు. నిజముగా 16 జీబీ కావలసినవారు సగము కొని సగమును ముందునకు త్రోయరాదు. 16తో పని జరుగువారు భయపడి 32 కొనుటయు దండుగ.

ఇంతవఱకు చెప్పినదానిని మూడిండ్లకు అన్వయించి ముగించెదను.

మొదటిది ఆదోనిలోని మండీ లెక్కల యంత్రము. దీనికి ఒకే 8 జీబీ పలక చాలును. లెక్కలకు జంట వలన మేలు స్వల్పము. రెండవ స్లాటును ఖాళీగా నుంచి, యక్కఱ కలిగినపుడు అట్టిదానినే మఱియొకటి చేర్చుకొనవచ్చును. మిగిలిన సొమ్ముతో యూపీఎస్ కొనుట బుద్ధిమంతుల పని. కరెంటు పోయినపుడు వేయి జీబీల ర్యామ్ కంటె చిన్న బ్యాటరీయే లెక్కను కాపాడును.

రెండవది నమూనాలు గీయు నేతయిల్లు. గ్రాఫిక్సు కార్డు లేనిచో రెండు 8లు తప్పనిసరి. శక్తి యున్నచో రెండు 16లు. ఒంటి పలక దీనికి తగదు.

మూడవది చదువుకొను పిల్లల యిల్లు. రెండు స్లాటుల బోర్డై, మూడేండ్లలో పెంచు తలంపు నిశ్చయముగా నున్నచో ఒక 16. అట్టి నిశ్చయము లేనిచో రెండు 8లు. మన యిండ్లలో "పెంచెద" మన్నవారు పదిమంది యైనచో పెంచినవారు ఇద్దఱు గదా! కావున సాధారణముగా రెండు 8ల వైపే నా మొగ్గు.

ఎవరు కొన్నను బిల్లు లేక కొనవలదు. ర్యామ్ పలకలకు చాల కంపెనీలు దీర్ఘకాలపు పూచీ నిచ్చును. బిల్లు లేనిచో ఆ పూచీ గాలిలో కలియును. పలక బంగారుపూత కాళ్లను వ్రేళ్లతో తాకరాదు. తెచ్చిన రాత్రియే మెమ్‌టెస్ట్86 అను పరీక్షా ప్రోగ్రామును తెల్లవాఱువఱకు నడపి చూచినచో దోషమున్న పలక బయటపడును, మఱునాడే మార్చుకొనవచ్చును. ఇదియే యెద్దును కాడికి కట్టి నాలుగు చాళ్లు దున్నించి చూచుట.

పెద్దలారా! ఈ విద్య మన కాలపుది కాదని చేతులు కడుగుకొనకుడు. అంగడివాని పట్టీని మీ యింటి పిల్లలచేత బిగ్గరగా చదివింపుడు. స్లాటులెన్ని, పలకలెన్ని, తరమేది, కార్డు గలదా యని నాలుగు ప్రశ్నలు మీరే యడుగుడు. అడుగువా డున్నచోట అమ్మువాడు జాగరూకుడై యుండును. బోర్డుతో వచ్చు చిన్న పుస్తకమును పాఱవేయక పంచాంగముతో పాటు భద్రపఱచుడు. చదివిన బాలిక యొకతె అయిదిండ్ల యప్పును తప్పించినది. మీ యింటను అట్టి బాలిక యుండును. ఆమె చేతికి ఆ పుస్తక మిండు.

స్వస్తి.